తామర ట్యూబు, తెల్లకణాలు, మీ ఆదివారం పేజీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం ఆరోగ్యం పేజీ నేను వదలకుండా చదువుతాను. పోయిన వారం ఎవరో పాఠకుడు తొడల్లో తామర ఆర్నెల్ల నుంచి తగ్గట్లేదు, మూడు రకాల మందులు మార్చాను, ఏం చెయ్యమంటారు అని అడిగితే డాక్టర్ గారు జవాబు బాగానే ఇచ్చారు, బట్టలు విడిగా ఉతుక్కోమన్నారు, కోర్సు మధ్యలో ఆపొద్దన్నారు, ఇంట్లో అందరికీ ఒకేసారి వైద్యం చేయించుకోమన్నారు, అంతా కరెక్టే. నా బాధల్లా ఏంటంటే అదే పేజీలో దాని పక్కనే రంగు బాక్సు కట్టి ఇమ్యూనిటీ పెంచే ఏడు పదార్థాలు అని ఇంకోటి వేశారు. పసుపు, ఉసిరి, వెల్లుల్లి, మామూలేగా. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి గానీ ఒకదానికీ ఇంకోదానికీ లింకు ఉందని ఎక్కడా ఒక్క ముక్క లేదు. లింకు ఉందండీ, చాలా ఉంది, అది తెలియకే ఆ పాఠకుడి లాంటోళ్ళు ఆర్నెల్లు ఏడాది గోక్కుంటా తిరుగుతున్నారని నా అనుమానం. అందుకే ఈ ఉత్తరం.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాను. మైక్రోబయాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా 29 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. స్లైడ్లు చూడటం, సూక్ష్మజీవుల్ని పెంచే ప్లేట్లు పొయ్యటం, పీజీ పిల్లలు సెమినార్లు చెప్పుకుంటుంటే వెనకాల నిలబడి వినటం, ఇదే నా చదువు. ఎవరికీ మందు రాసే అర్హత నాకు లేదు, ఇది చదివి ఎవరూ వాడే మందు మార్చుకోవద్దు.

జనాలకి ఫంగస్ మందు అంటే ఎలకల మందు లెక్క. అది తిన్నది, చచ్చింది, అయిపోయింది అనుకుంటారు. కానీ ఫంగస్ మందుల్లో ఎక్కువ మందికి తెలిసిన ఫ్లూకొనజోల్ ఉంది కదా, నోట్లో పూతకీ ఆడవాళ్ళ ఇన్‌ఫెక్షన్లకీ రాసే ఆ మాత్ర, అది క్యాండిడా అనే ఈస్టు రకం ఫంగస్ ని చంపదు, పెరగకుండా ఆపుతుంది అంతే. ఫంగస్ కణానికి గోడ లోపల ఉండే పల్చటి పొరకి ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు కావాలి, దాని తయారీకి అడ్డం పడుతుంది. అడ్డం పడితే ఫంగస్ కుంటుతుంది, నీరసపడుతుంది. మరి చంపేదెవరు? మన తెల్లకణాలు. వాటిల్లో ముఖ్యంగా న్యూట్రోఫిల్స్, ఇంకా శత్రువుని మింగేసే మాక్రోఫేజులు. ఇవి టీకాలతో నేర్చుకునే ఇమ్యూనిటీ కాదు, అది వేరే డిపార్ట్‌మెంటు. ఇది ఎవరూ నేర్పకుండా పుట్టుకతోనే వచ్చే కాపలా, సైన్సులో సహజ రోగనిరోధక వ్యవస్థ అంటారు. మీ రక్తపరీక్ష రిపోర్టులో డిఫరెన్షియల్ కౌంట్ అని ఉండి పాలీమార్ఫ్స్ 60 శాతం అనో 65 శాతం అనో రాసుంటుంది చూడండి, అవే న్యూట్రోఫిల్స్. మా రోజుల్లో మిషన్లు లేవు, మైక్రోస్కోపు కింద పెట్టి వంద కణాలు వేళ్ళతో టిక్కు టిక్కుమని కౌంటరు నొక్కుకుంటా లెక్కపెట్టేవాళ్ళం. మూడు నాలుగు ముక్కలు సన్నటి దారంతో కలిపినట్టుండే న్యూక్లియస్, చూడటానికి ముచ్చటగా ఉంటాయి. ఒంట్లో రోజుకి సుమారు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్ తయారవుతాయి, ఒక్కోటి రక్తంలో బతికేది ఎక్కువ సేపేం కాదు, రోజు అటూ ఇటూ. అంత ఉత్పత్తి ఎందుకో తెలుసా, మనం రోజూ పీల్చే గాలిలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు గింజలే వందల్లో లోపలికి పోతుంటాయి, అవి ఊపిరితిత్తుల్లో మొలకెత్తకుండా చూసే పని మాక్రోఫేజులది, తప్పించుకుని మొలకెత్తిన వాటి పని పట్టేది న్యూట్రోఫిల్స్.

ఇంకో విచిత్రం చెప్తా. ఈ కాపలా సంగతి మనుషులకి తెలిసిందే ఫంగస్ పుణ్యాన. మెచ్నికాఫ్ అనే రష్యా ఆయన 1882లో ఇటలీలో మెస్సీనా అనే ఊళ్ళో సముద్రపు నక్షత్రచేప పిల్లలకి ముళ్ళు గుచ్చి, కణాలు వచ్చి ముల్లు చుట్టూ మూగటం చూశాడు, ఆ తర్వాత నీటి ఈగలనే (డాఫ్నియా) బుల్లి నీటి జీవుల్లో ఒక ఈస్టు జబ్బుని చూశాడు. ఆ ఈస్టు గింజలు సూదుల్లా ఉండి పేగు చీల్చుకుని లోపలికొస్తే నీటి ఈగ ఒంట్లో కణాలు వాటిని చుట్టుముట్టి మింగేస్తున్నాయి, మింగగలిగితే ఈగ బతికింది, లేకపోతే చచ్చింది. 1908లో నోబెల్ ఇచ్చారు. ఆ ప్రయోగాలకి వందేళ్ళు దాటాక 1996లో ఫ్రాన్సులో హాఫ్‌మన్ వాళ్ళ ల్యాబులో టోల్ అనే జీన్ చెడిపోయిన పండ్ల ఈగలకి ఆస్పర్‌జిల్లస్ ఎక్కించి చూస్తే రెండు మూడు రోజుల్లో ఈగలు చచ్చి వాటి ఒంటి మీద బూజు దూదిలాగా మొలిచింది. మనలో కూడా అలాంటి టోల్ లాంటి గుర్తుపట్టే సాధనాలు ఉన్నాయని ఆ దారిలోనే తెలిసింది, హాఫ్‌మన్ కి 2011లో నోబెల్. మా ల్యాబులో పీజీ అమ్మాయి ఒకామె ఈ ఈగ ఫోటో సెమినార్లో చూపిస్తే నాకు రాత్రి అన్నం సయించలేదు.

సరే అసలు విషయంలోకొస్తా, మందుకీ కాపలాకీ సంబంధం.

పూర్ణం బూరె ఉంది కదండీ. పైన చోవి, లోపల పూర్ణం. క్యాండిడా ఈస్టు కణం గోడ కూడా దాదాపు అంతే. పైన మానన్ అనే పొర, దాని కింద బీటా గ్లూకాన్ అనే గట్టి పదార్థం, ఇంకా లోపల కైటిన్, రొయ్య పెంకులో ఉండేది అదే. మన తెల్లకణాల మీద డెక్టిన్-1 అని ఒక గుర్తుపట్టే పరికరం ఉంది, అది బీటా గ్లూకాన్ ని పట్టుకుంటుందని 2001లో కనిపెట్టారు. డెక్టిన్ కి పూర్ణం రుచి తెలుసు, చోవి రుచి అంతగా తెలీదు. ఫంగస్ కి ఆ సంగతి తెలిసినట్టే ఉంటుంది, చోవి గట్టిగా కప్పుకుని తిరుగుతుంది, కాపలావాడి పక్కనుంచి పోయినా వాడికి అనుమానం రాదు. ఇప్పుడు కాస్పోఫంగిన్ అనే ఇంజెక్షన్ ఉంది, ఐసీయూల్లో వాడేది. అది బీటా గ్లూకాన్ తయారీనే ఆపుతుంది, గోడ బలహీనపడి ఫంగస్ పగులుతుంది, ఇది మందు డైరెక్ట్ పని. కానీ 2006లో అమెరికా వాళ్ళు చూసిందేంటంటే, ఫంగస్ ని చంపటానికి చాలనంత తక్కువ డోసులో ఇచ్చినా సరే చోవికి చిల్లులు పడి లోపలి పూర్ణం బయటికి కనిపిస్తోంది, మాక్రోఫేజులు అప్పుడు దాన్ని గుర్తుపట్టి టీఎన్ఎఫ్ అనే హెచ్చరిక రసాయనం బాగా వదుల్తున్నాయి. అంటే మందు ఇక్కడ రెండు పనులు చేస్తోంది, ఒకటి కొట్టటం, రెండోది ముసుగు లాగి ఇదిగో దొంగ అని చూపించటం. బూరె నూనెలో పగిలితే మూకుడంతా తెలిసినట్టే.

అయితే ఫంగస్ కూడా తక్కువ తినలేదు. గ్లూకాన్ తగ్గేసరికి కైటిన్ ఎక్కువ పోసి గోడ కట్టుకుంటుంది, కొన్నిసార్లు మందు డోసు బాగా ఎక్కువైన చోట అది మళ్ళీ పెరుగుతుంది కూడా, ల్యాబులో ప్లేట్లలో ఇది కనిపిస్తుంది, మొదటిసారి చూసినప్పుడు మందు పొయ్యటంలో తప్పు చేశామేమో అనుకుంటాం. ఇలాంటివి ఉంటాయి కాబట్టే ఒక్క మందు మీదే భారం వేసి కూర్చోకూడదు అంటున్నా.

కాపలావాడు ఉన్నాడు గానీ చేతిలో కర్ర లేదు అనుకోండి, అప్పుడేమవుద్ది? అది కూడా నేను కళ్ళారా చూశాను. ఎన్‌బీటీ అని ఒక పరీక్ష ఉంది. పసుపురంగు ద్రావణంలో న్యూట్రోఫిల్స్ ని పెట్టి రెచ్చగొడితే అవి లోపల ఘాటైన ఆక్సిజన్ రసాయనాలు తయారుచేసి ఆ రంగుని ముదురు నీలంగా మార్చేస్తాయి. ఒకసారి ఒక నాలుగేళ్ళ బాబు రక్తం వచ్చింది, మాటిమాటికీ చీముగడ్డలు, ఊపిరితిత్తుల్లో ఆస్పర్‌జిల్లస్. వంద కణాలు చూశాను, ఒక్కటి నీలం అవలేదు. పక్కన పోల్చుకోటానికి, అంటే కంట్రోల్ కి, నా రక్తమే పెట్టుకున్నా, అది నీలంగా మెరిసిపోతోంది. కణాలు ఉన్నాయి, మింగుతున్నాయి, చంపలేకపోతున్నాయి. క్రానిక్ గ్రాన్యులోమేటస్ డిసీజ్ అంటారు. అలాంటి పిల్లలకి రోజూ ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు ఇస్తుంటే ఫంగస్ ఇన్‌ఫెక్షన్లు బాగా తగ్గాయని 2003లో ఒక ట్రయల్ చూపించింది. ఫంగస్ వచ్చాక కాదు, రాకముందు నుంచే, మందే కర్ర అన్నమాట వాళ్ళకి. ఆ బాబు రిపోర్టు మీద సంతకం పెడుతుంటే చెయ్యి ఆడలేదు.

ఇప్పుడు ఆంఫోటెరిసిన్, మీవాళ్ళు బ్లాక్ ఫంగస్ అని రాసే జబ్బుకి ఎక్కించే మందు. 2021లో ఈ పేరు ఆటో డ్రైవర్లకి కూడా తెలుసు. వెనెజులాలో ఓరినోకో నది దగ్గర మట్టిలో దొరికిన ఒక స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా నుంచి 1950ల్లో తీశారు. పాతకాలం ఆంఫోటెరిసిన్, అంటే కొవ్వు బుడగల్లో పెట్టనిది, ఎక్కించిన వార్డులో డ్యూటీ చేసిన సిస్టర్ ఎవరినైనా అడగండి. డ్రిప్పు మొదలైన గంటకో రెండు గంటలకో పేషెంటుకి పళ్ళు కొట్టుకునే చలి, మంచం ఊగిపోయేంత వణుకు, ఆ వెనకాల 103 జ్వరం. రెండు దుప్పట్లు కప్పి, ముందే పారాసిటమాల్, ఏవిల్ ఇచ్చి, అయినా ఆగకపోతే పెథిడిన్ దాకా వెళ్ళేవాళ్ళు. మందు పడలేదు, రియాక్షన్ అని చుట్టాలు గొడవ చేసేవాళ్ళు. నేను కూడా చాలా ఏళ్ళు అది అలర్జీ అనే అనుకున్నా. కాదట. ఆ మందుని మన మాక్రోఫేజులే టీఎల్ఆర్-2 అనే పరికరంతో పట్టుకుంటాయి, మామూలుగా బాక్టీరియా గోడ ముక్కల్ని గుర్తుపట్టే పరికరం అది. మందుని చూసి శత్రువు వచ్చాడు అనుకుని టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 లాంటివి కుమ్మరిస్తాయి. పొలానికి కరెంటు పెట్టినవాడే తీగ తొక్కినట్టు, కాపలా కుక్క ఇంటాయన్నే కరిచినట్టు. కానీ ఈ రెచ్చగొట్టటం పూర్తిగా నష్టం కూడా కాదు, ఫంగస్ ని కొట్టటంలో ఆ రెచ్చిన కణాలకి కూడా వాటా ఉందని అంటారు. కొవ్వు బుడగల్లో పెట్టిన లైపోసోమల్ రకం వచ్చాక వణుకు బాగా తగ్గింది, కిడ్నీలకి దెబ్బ తగ్గింది, రేటు మాత్రం పెరిగింది.

ఆ రేటు సంగతి మా ఇంట్లోనే చూశాం. 2021 మే. మా బావకి పదిహేనేళ్ళ నుంచి షుగరు. కరోనా వచ్చింది, ఆక్సిజన్ పడిపోయింది, స్టెరాయిడ్ ఇచ్చారు, అది ఇవ్వాల్సిందే, ప్రాణం నిలబడింది, నేనేం తప్పు పట్టను. డిశ్చార్జి అయ్యాక కూడా వాట్సప్ లో ఎవరో పంపిన చీటీ చూసి ఇంకో రెండు వారాలు ఆ మాత్రలే మింగాడు, అది మాకు తర్వాత తెలిసింది. షుగరు 400 దాటింది. ఒక పక్క చెంప నొప్పి, పన్ను కదులుతోంది, అంగిట్లో నల్లటి మచ్చ. మా ల్యాబుకే వచ్చింది శాంపిలు. చీటీ మీద పేరు చూశాను, కేఓహెచ్ అనే క్షారం చుక్క వేసి స్లైడు పెట్టాను, వెడల్పాటి రిబ్బన్లు, అడ్డగోడలు లేవు, కొమ్మలు మూలమట్టం పెట్టినట్టు తొంభై డిగ్రీల్లో. మ్యూకర్. మా అక్క బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఏం చెప్పాలో తెలియక పది నిమిషాలు ఆ స్లైడే చూస్తా కూర్చున్నాను.

ఆ లైపోసోమల్ మందు రోజుకి కిలోకి 5 మిల్లీగ్రాములు లెక్క, బావ అరవై కిలోలు, వయల్ కి, అంటే ఒక్కో సీసాకి, 50 మిల్లీగ్రాములు, రోజుకి ఆరు వయల్స్. ఎన్ని రోజులు అంటే ఎవరూ చెప్పరు. వయల్స్ కోసం ఊరూరా ఫోన్లు చేసిన రోజులవి, ఇది చదివే చాలామందికి గుర్తుంటుంది. తెలంగాణలో మే 20న దీన్ని నోటిఫై చెయ్యాల్సిన, అంటే ప్రతి కేసూ ప్రభుత్వానికి తెలపాల్సిన, జబ్బుగా ప్రకటించారు, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని నోడల్ సెంటర్ చేశారు, ఇక్కడ ఏపీలో ఆరోగ్యశ్రీలో చేర్చారు, జూలై నాటికి దేశం మొత్తం మీద 45 వేల పైచిలుకు కేసులని పార్లమెంటులో చెప్పారు. నేను వయల్స్ వయల్స్ అని తిరుగుతుంటే బావని చూసే డాక్టరు గారు ఒక మాటన్నారు, వయల్స్ వస్తాయిలెండి, ముందు షుగరు దించుదాం, షుగరు దిగకుండా నేను ఆరు కాదు పన్నెండు ఎక్కించినా నా కష్టం బూడిదలో పోసిన పన్నీరే అని. అప్పుడు కోపం వచ్చింది, తర్వాత అర్థమైంది. షుగరు బాగా ఎక్కువున్నప్పుడు న్యూట్రోఫిల్స్ పిలిచిన చోటికి సరిగా నడవలేవు, వెళ్ళినా సరిగా చంపలేవు. రక్తంలో ఆమ్లం పెరిగితే ఇనుముని మోసే ప్రోటీను దాన్ని గట్టిగా పట్టుకోలేక వదిలేస్తుంది, మ్యూకర్ కి ఇనుమంటే ప్రాణం. దాని మీద స్టెరాయిడ్, అది మాక్రోఫేజుల చేతులు కట్టేస్తుంది, మామూలుగా ముక్కులో పడ్డ బూజు గింజని మొలకెత్తకుండా ఆపేది అవే. కాపలావాడికి మత్తుమందు పెట్టి తలుపు తీసి పక్కన అన్నం వడ్డించినట్టు అయింది. ఫంగస్ రక్తనాళాల్లోకి దూరి మూసేస్తే ఆ భాగం చచ్చిపోతుంది, అక్కడికి రక్తం పోదు, రక్తం పోకపోతే మందూ పోదు తెల్లకణమూ పోదు, అందుకే చచ్చిన భాగం కోసి తియ్యాల్సిందే. బావకి పైదవడ సగం తీసేశారు, కన్ను దక్కింది. తర్వాత చాన్నాళ్ళు పోసాకొనజోల్ అనే ఫంగస్ మాత్రలు. ఇప్పుడు కట్టుడు దవడతో ఉల్లిపాయ పకోడీ తింటాడు, మాట కొంచెం ముద్దగా వస్తుంది.

ఈ పోసాకొనజోల్ లో ఇంకో ముచ్చటుంది. అది కొవ్వుని ఇష్టపడే మందు, రక్తంలో ఉన్న దానికంటే తెల్లకణాల పొరల్లో చాలా ఎక్కువ పోగవుతుంది. అంటే తెల్లకణం ఫంగస్ ఉన్న చోటికి వెళ్ళేటప్పుడు మందుని కూడా మూటగట్టుకుని వెళ్తుంది, ఫంగస్ ని మింగితే లోపల ఆ మందు దానికి అంటుకుంటుంది. పొలం వెళ్ళే మనిషి భుజానే పంపు తగిలించుకు వెళ్ళినట్టు.

కీమో పేషెంట్ల సంగతి ఇందుకే వేరు. న్యూట్రోఫిల్స్ కౌంటు 500 కిందకి పడిపోయి వారం పది రోజులు ఉంటే మందు ఒక్కటే పోరాడాలి, సగం బలం లేనట్టే, అందుకే వాళ్ళకి చంపే రకం మందులు చూసుకుని ముందే మొదలుపెడతారు, కౌంటు లేచే ఇంజెక్షన్లు ఇస్తారు. అదీ గాక కౌంటు లేచేటప్పుడు ఒక్కోసారి ఊపిరితిత్తుల్లో పరిస్థితి ఉన్నట్టుండి దిగజారుతుంది, దగ్గులో రక్తం పడుతుంది. ఎందుకంటే అన్నాళ్ళు లేని న్యూట్రోఫిల్స్ ఒక్కసారిగా ఫంగస్ మీద పడి రచ్చ చేస్తాయి. ఇమ్యూనిటీ అంటే రేడియో వాల్యూమ్ కాదండీ, తిప్పితే పెంచుకుంటా పోటానికి. ఆస్పర్‌జిల్లస్ కి అతిగా స్పందించి ఆస్తమా ముదిరేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ జబ్బే ఇమ్యూనిటీ ఎక్కువ కావటం. మీ రంగు బాక్సులో ఏడు పదార్థాలు తింటే ఏది ఎంత పెరుగుతుందో, అది కావాల్సినోడికి పెరుగుతుందో వద్దన్నోడికి పెరుగుతుందో ఆ రాసినాయన్ని ఒకసారి అడిగి చెప్పండి.

ఇక తామర దగ్గరకొస్తా, నా అసలు కోపం ఇక్కడుంది.

మెడికల్ షాపుకెళ్ళి దురద అంటే చాలు ఒక ట్యూబు చేతిలో పెడతారు. తిప్పి వెనకాల చదవండి, కళ్ళజోడు పెట్టుకుని చదవండి, అక్షరాలు చీమల్లా ఉంటాయి. ఫంగస్ కి ఒక మందు, బాక్టీరియాకి ఒకటి రెండు, వాటితోపాటు క్లోబెటసాల్. ఈ క్లోబెటసాల్ అనేది పూతమందుల్లో అన్నింటికంటే ఘాటైన స్టెరాయిడ్ల జాబితాలోది. ఒకే ట్యూబులో ఫంగస్ ని కొట్టే మందూ ఉంది, ఆ కొట్టటంలో సగం పని చేసే కాపలాని పడుకోబెట్టే మందూ ఉంది. ఒక ఎద్దుని ముందుకీ ఇంకో ఎద్దుని వెనక్కీ కట్టి బండి తోలినట్టు.

పూసిన రెండు రోజులకే దురద పోతుంది, ఎరుపు పోతుంది, అబ్బ ఎంత మంచి మందు అనుకుంటారు. ఆ ఎరుపు, ఆ దురద, ఆ అంచున లేచే పొక్కులు ఫంగస్ చేసినవి కాదు, దాని మీద మన కాపలా చేస్తున్న యుద్ధం. యుద్ధం ఆపేశారు, శత్రువు అక్కడే ఉన్నాడు. నిదానంగా పక్కకి పాకుతాడు. తామర అంటే అంచు గుండ్రంగా ఉంగరంలా ఉండాలి, ఈ ట్యూబు వాడినోళ్ళకి ఆ ఆకారమే పోయి డాక్టర్లు కూడా పోల్చుకోలేనట్టు తయారవుతుంది, మారువేషం తామర అంటారు దాన్ని వైద్యంలో. మా దగ్గరికి గీకిన పొట్టు వస్తే ఒక్కోసారి స్లైడు నిండా ఫంగస్సే, అంత ఫంగస్ ఉండి చర్మం చూస్తే పెద్ద ఎరుపు లేదు, అప్పుడే అడిగేవాళ్ళం, ఏం ట్యూబు వాడావయ్యా అని. తెల్లముఖం వేసి జేబులోంచి తీసేవాడు. ఆపేస్తే మూడో రోజుకి రెట్టింపు మంట, మళ్ళీ ట్యూబు. తొడల మీద చారలు పడి, చర్మం ఉల్లిపొరలా పలచబడినోళ్ళని చూశాను.

పైగా ఇప్పుడున్న తామర మా చిన్నప్పటి తామర కాదు. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని 2020లో పేరు పెట్టారు, పేరులోనే మన దేశం ఉంది, గర్వపడాల్సిన విషయమేం కాదు. దీంట్లో చాలావాటికి టెర్బినాఫిన్ పనిచెయ్యదు, ఆ మందు పట్టుకోవాల్సిన ఎంజైము ఆకారమే మార్చేసుకుంది. ఇప్పుడు విదేశాల్లో కూడా కనిపిస్తోంది. చాలీచాలని డోసు, సగంలో ఆపటం, దానికి తోడు స్టెరాయిడ్ తో కాపలాని పడుకోబెట్టటం, ఇవన్నీ కలిస్తే ఫంగస్ కి ఎక్కువ కాలం, ఎక్కువ సంఖ్యలో, మందు రుచి చూసుకుంటా బతికే అవకాశం ఇచ్చినట్టే కదా. 2018లో కేంద్రం రూల్ మార్చి కొన్ని స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. మా వీధిలో షాపుకెళ్ళి పోయిన నెల నేనే అడిగి చూశా, చీటీ అడగలేదు, క్యారీబ్యాగ్ కావాలా అని మాత్రం అడిగాడు.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు కాబట్టి కచ్చితంగా వెయ్యండి. ఇట్రాకొనజోల్ మాత్రలు లివర్లో కొన్ని మందుల్ని విరగ్గొట్టే ఎంజైముని ఆపేస్తాయి. ఆస్తమాకి బ్యుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ పఫ్ పీల్చేవాళ్ళు, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ మాత్రలు మింగేవాళ్ళు తామరకి ఇట్రాకొనజోల్ వాడితే ఒంట్లో ఆ స్టెరాయిడ్ విరగక పేరుకుపోతుంది, వేసుకుంది కొంచెమే అయినా ఒంటికి తగిలేది ఎక్కువ. ముఖం ఉబ్బటం, షుగరు పెరగటం, కాపలా పడుకోవటం. అంటే ఫంగస్ ని తగ్గించటానికి వేసుకున్న మాత్రే అడ్డదారిలో ఫంగస్ కి సాయం చేస్తుంది. చర్మం డాక్టరు దగ్గరికెళ్ళినప్పుడు పఫ్ సంగతి ఎవరూ చెప్పరు, దానికీ దీనికీ ఏం సంబంధం అనుకుంటారు. వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళమనండి.

మిమ్మల్ని నేను అడిగేది పెద్ద పనులేం కాదు. ఆ ఏడు పదార్థాల బాక్సు ఒక వారం ఆపి అక్కడ తామర ట్యూబు వెనకాల ఏ పేర్లుంటే స్టెరాయిడ్ అని అర్థమో వెయ్యండి, క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఇలా పేరు తెలుగులో పెద్దక్షరాల్లో, కత్తిరించి పర్సులో పెట్టుకునేటట్టు. ఫంగస్ వ్యాసం వేసినప్పుడల్లా షుగరు మాట ఒక్కటైనా ఉండేటట్టు చూడండి. ఇంకా మీవాళ్ళు బ్లాక్ ఫంగస్, బ్లాక్ ఫంగస్ అని రాస్తున్నారు, ఆ ఫంగస్ నల్లగా ఉండదండీ, నేను వందల స్లైడ్లు చూశాను, నల్లగా కనిపించేది చచ్చిపోయిన మన కండ. మ్యూకర్ అని రాయండి, మూడక్షరాలేగా, స్థలం కూడా కలిసొస్తుంది.

ఉత్తరం పొడుగైందని నాకూ తెలుసు. కొయ్యాల్సొస్తే మెచ్నికాఫ్ నీటి ఈగలు తీసెయ్యండి, బావ పకోడీలు కూడా తీసెయ్యండి పర్లేదు, ట్యూబు సంగతీ పఫ్ సంగతీ మాత్రం ముట్టుకోవద్దు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
గుంటూరు